ఇంజిన్‌కి పెద్దలంటే భయమట

లాగ్ 1. నీళ్లు: మూడో మెట్టు

ఈ పేజీలు ఎవరూ చదవలేరు. చదవగలిగిన మనిషి ఒక్కడున్నా నేను పెన్సిల్ ముట్టుకోను. మా ఊరిని గిన్నె అంటారు, మూడు వందల పన్నెండు మందిమి ఉన్నాం. ఏం కావాలన్నా మాట్లాడే పెట్టెని అడగడం, అది చెప్పింది వినడం అలవాటైన జనం. టవర్ కూలి పెట్టె మూగబోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఒకాయన రోజూ దాని ముందు కూర్చుని "ఇవాళ వానొత్తాదా?" అని అడిగి, కాసేపు ఆగి, తల ఊపి వెళ్తాడు. ఆ పెట్టె ఏం చెప్పిందనుకుంటాడో నాకు తెలీదు.

మెరక మీద, నీళ్లందని ఎత్తులో, నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే ఒక పూట ఎండలో నిలబెట్టేవాళ్లు. అందుకే నాకు ఇంగ్లీషులో రాయడమే తేలిక. కానీ ఇక్కడి మనుషుల్ని తిట్టడానికి ఆ భాష చాలడం లేదు.

ఇవాళ ఇంజిన్ మళ్లీ మొరాయించింది. పొద్దున్నే వేస్తే పాతిక నిమిషాలు హాయిగా నడిచింది. తర్వాత శబ్దం దిగిపోయింది, లేచింది, మళ్లీ దిగింది. పంపు నోట్లోంచి నా నడుమంత లావున పడే నీళ్లు చెయ్యంత అయ్యాయి. మా చుట్టూ కట్ట, కట్ట అవతల సముద్రం. ఆ సముద్రం మా ఇళ్ల కప్పుల కంటే ఎత్తు. లోపలికి ఊరే నీళ్లన్నీ పంపు బావిలోకి చేరతాయి, ఇంజిన్ వాటిని బయటికి తోస్తుంది. బావికి అడుగు నుంచి లెక్కపెడితే పదకొండు మెట్లు. పన్నెండోది మా గుమ్మం.

ఇంజిన్ నడిపేది నూకరత్నం అత్త. ఊరికి నేను ఆమె చచ్చిపోయిన అన్న కూతుర్ని, పేరు లోవ. రెండూ అబద్ధాలే.

కానుగ నూనె నెలకోసారి పడవలో వస్తుంది. ఈసారి పీపాలు తక్కువొచ్చాయి. వెంటనే కమిటీకి ఎక్కడ చూసినా దొంగలు కనిపించడం మొదలైంది. పది రోజుల కిందట ట్యాంకు మూత మీద లక్క కరిగించి పోశారు. దాని మీద ప్రెసిడెంట్ తాతబ్బాయి గారు ఒక బొటనవేలు, నూనె గిడ్డంగి చూసే గవరయ్య ఒక బొటనవేలు నొక్కారు. రెండు వేళ్ల సీలు. పొద్దున్నే ట్యాంకు నిండా నూనె పోసి సీలు వేస్తారు. ఇంజిన్ మొరాయిస్తే ఇద్దర్నీ పిలవాలి. సీలు చెదరలేదని చూడాలి, పగలగొట్టాలి, మూత తీసి కర్ర ముంచి కొలవాలి, మూత పెట్టాలి, మళ్లీ లక్క, మళ్లీ వేళ్లు. ఈలోగా బావిలో నీళ్లు వాళ్ల కోసం ఆగుతాయి కాబోలు.

"ఏటే నూకరత్నం, మళ్లీ పడకేసిందా నీ ఇంజిను?" అన్నారు తాతబ్బాయి గారు లోపలికొస్తూనే.

"నాదేటండి, ఊరిది," అంది అత్త.

గవరయ్య సీలు పగలగొట్టి మూత తీశాడు. కర్ర ముంచాడు. నూనె ఉండాల్సినంత ఉంది. అత్త హ్యాండిల్ తిప్పింది, ఇంజిన్ ఒక్క ఊపున అందుకుంది.

"సూశావా! పెద్దోళ్లు రాగానే ఎలా లేచిందో. దానికీ తెలుత్తాదే, ఎవరొచ్చారో," అన్నారు తాతబ్బాయి గారు.

"ఆయ్, మరేనండి. మర్యాద తెలిసిన ఇంజినండి," అన్నాడు గవరయ్య.

అది తాతబ్బాయి గారి జోక్ అనుకుని నవ్వబోయాను. జోక్ కాదు.

లాగ్ 2. నీళ్లు: నాలుగో మెట్టు

ఇంజిన్ పుస్తకం షెడ్డు గూట్లో ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకం. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. పేజీ మాత్రం తిప్పరు. అట్టకి పసుపుతో సరిపెట్టుకోరు, భక్తి ఎక్కువైన వాళ్లు లోపల కూడా రాస్తారు. దుమ్ము దులిపే పని నాది. దులుపుతూ చదువుతాను.

అత్తకి నేను చదవగలనని తెలుసు. ఊళ్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఎందుకు దాస్తున్నామో ఇక్కడ రాసి పెడతాను, భయం కాగితం మీదకి దిగితే తగ్గుతుందేమో.

ఆరేళ్ల కిందట మెరక వాళ్లు ఒక కాగితం పంపారు. అప్పటికి గిన్నెలో చదవగలిగింది మా నాన్న జోగినాథం ఒక్కడే. కాగితంలో ఏముందో కమిటీకి చదివి వినిపించాడు: సోలార్ పలకలు తీసుకుపోతాం, తిరిగివ్వం. "రిపేరుకే అయ్యుంటాది, పెద్దోళ్లు ఊరకే తీసుకుపోతారేటి" అని వీళ్లు వేలిముద్రలేశారు. పలకలు పోయాయి. రాలేదు. అప్పుడు మా నాన్న తప్పు చదివాడన్నారు. ఉప్పు క్యాంపుకి పంపారు. ఉప్పు క్యాంపు నుంచి ఎవరూ తిరిగి రాలేదు. అప్పటికి నేను మెరక మీద హాస్టల్లో ఉన్నాను. రెండేళ్ల కిందట వచ్చాక అత్త నన్ను లోవని చేసింది.

"పుస్తకంలో ఏటుందే?" అంది అత్త ఇవాళ, ఇంజిన్ చప్పుడు చాటున.

"ముందు ఫిల్టర్ చూడమంది. తర్వాత నూనెలోని నీళ్లు పేరుకునే చిన్న కప్పు. తర్వాత పైపుల్లో గాలి."

ఫిల్టర్ విప్పి కడిగాం. శుభ్రంగానే ఉంది. అడుగు స్క్రూ తీసి నీళ్లు వదిలాం, రెండు చుక్కలు. పైపు జాయింట్లన్నీ బిగించి, గాలి బుడగలు పోయేదాకా నూనె చేతి పంపు కొట్టాం. అత్త చేతులు మోచేతుల దాకా నూనె. వేస్తే బ్రహ్మాండంగా నడిచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. నలభై నిమిషాలకి దిగిపోయింది.

ఇద్దరు పెద్దలూ వచ్చారు. మూత తీశారు. నడిచింది. గవరయ్య ఇంజిన్ని గేదెని తట్టినట్టు తట్టాడు.

లాగ్ 3. నీళ్లు: ఆరో మెట్టు

గాలి ఫిల్టర్ దులిపాం. పొగ గొట్టం గీకాం. ఇంకేం మిగల్లేదు. పుస్తకంలో జబ్బుల పట్టిక ఐదో కారణంతో ఆగిపోయింది. ఆ తర్వాతి రెండు పేజీలూ పసుపుతో అతుక్కుపోయాయి. లాగితే చిరుగుతున్నాయి. ఎవరో ముసలమ్మ ఇంజిన్ చల్లగా ఉండాలని, సరిగ్గా మాకు కావాల్సిన చోట చెయ్యి పెట్టింది.

కానీ ఒకటి గమనించాను. ఇంజిన్ ఎంతసేపటికి దిగుతోందో మూడు రోజులుగా రాస్తున్నాను. పొద్దున్న ట్యాంకు నిండా ఉన్నప్పుడు పాతిక నిమిషాలు. మధ్యాహ్నం సగానికొచ్చాక యాభై. సాయంత్రం అడుక్కి చేరాక గంటన్నర, ఒక్కోసారి అసలు దిగదు. నూనె ఎంత ఎక్కువుంటే అంత తొందరగా చస్తోంది.

అత్తకి చెప్పాను. ట్యాంకుని వేలితో కొట్టి చూసింది.

"తలకిందులుగా ఉంది కదే ఇది. తక్కువైతే కదా ఆగాలి?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"పొద్దున్న ఎండకేమో," అంది. తనకే నమ్మకం లేదు.

తాతబ్బాయి గారికి మాత్రం పూర్తిగా అర్థమైంది. బావి దగ్గర జనానికి చెబుతుంటే విన్నాను. "సాయంత్రం నేను గట్టు మీద గాలికి కూర్చుంటాను కదా. ఆ భయానికి నడుత్తాది." జనం తలలూపారు. మూడు వందల తలలు, లోపల ఒక్క ప్రశ్న లేదు.

లాగ్ 4. నీళ్లు: ఏడో మెట్టు

అత్తని పట్టుకుపోయారు.

గవరయ్య పొద్దున్నించీ షెడ్డు వెనక నక్కి కూర్చున్నాడట. ఇంజిన్ దిగగానే ఎగిరి లోపలికి దూకాడు. అత్త చెయ్యి నూనె కుళాయి మీద ఉంది. ఉంటుంది మరి, గాలి పట్టిందేమోనని చూస్తోంది. పక్కన నీళ్లు వదిలిన డబ్బా ఉంది.

"దొరికింది! కుళాయి కట్టేసి డబ్బాలోకి దింపుకుంటంది! మేమొచ్చేసరికి మళ్లీ తిప్పేత్తాది!"

తాతబ్బాయి గారు డబ్బాలో వేలు ముంచి వాసన చూశారు. "సీలు సీలులాగే ఉంటాది, నూనె మాత్రం పోతాది. ఎంత తెలివే నూకరత్నం నీకు. అందుకే కదా మేం వత్తే నడిచేది."

"డబ్బాలో పట్టుమని పది చుక్కలు లేవండి. అదీ నీళ్లు," అంది అత్త. "కొలిచారు కదా మీరే, నూనె ఎక్కడ తగ్గింది?"

"తగ్గకుండా దొంగతనం చేయడమే నీ పనితనం."

ఇది నేను కల్పించలేదు. ఆ మాటే అన్నారు. జనం అబ్బో అన్నారు.

షెడ్డు పక్కన వలల కొట్టులో పెట్టి తాళం వేశారు. మూడు రోజుల్లో నూనె పడవ వస్తుంది, దాన్లో ఉప్పు క్యాంపుకి. నేను నోరు తెరిచాను. అత్త నా వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను. గవరయ్య అది చూసి, పిల్ల జడుసుకుంది పాపం అన్నాడు.

ఇంజిన్ ఇప్పుడు గవరయ్య నడుపుతాడు. హ్యాండిల్ ఎటు తిప్పాలో నన్ను అడిగాడు.

లాగ్ 5. నీళ్లు: ఎనిమిదో మెట్టు, తర్వాత ఐదు

ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల తొట్టిలోంచి వచ్చే ఆవిరి మీద ఆ అతుక్కుపోయిన పేజీల్ని పట్టాను. గవరయ్య భోజనానికి వెళ్లిన గంటలో. పసుపు మెత్తబడి పేజీలు విడిపోయాయి. ఆరో కారణం, పక్కన బొమ్మ: ట్యాంకు మూత నడిమధ్య గాలి రంధ్రం. గుండుసూదంత. నూనె కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల పీల్చుకుపోయి నూనె దిగదు. మూత తీయగానే గాలి వెళ్తుంది, ఇంజిన్ బాగైపోతుంది.

ట్యాంకు నిండా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. అందుకే పొద్దున్న తొందరగా ఆగుతోంది.

లేచి మూత చూశాను. ఆ రంధ్రం మీద లక్క. లక్క మీద రెండు బొటనవేళ్లు.

వీళ్లే. రెండు వారాలుగా ఇంజిన్ పీక పిసుకుతున్నది వీళ్లే. ఊపిరాడక అది కొట్టుకుంటే వచ్చి వేళ్లు తీస్తున్నారు, అది బతికితే మాకు భయపడి బతికింది అంటున్నారు.

గాలపు ముల్లు ఒకటి తిన్నగా చేసి, పొగ గొట్టానికి ఆనించి కాల్చాను. వేలిముద్రలు చెదరకుండా వాటి మధ్య నుంచి లక్కలోకి గుచ్చాను. లోపలికి గాలి సన్నగా ఈల వేసింది. అంత అందమైన శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఇంజిన్ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా దిగలేదు. నీళ్లు ఐదో మెట్టుకి పోయాయి. ఇక అత్తని వదిలేస్తారు అనుకున్నాను. నేనెంత మూర్ఖురాల్నో ఈ లైను దగ్గర రాసుకోవాలి.

"సూశారా?" అని తాతబ్బాయి గారు గట్టెక్కి అరిచారు. "దొంగ లోపలుంటే ఇంజినుకి జొరమే లేదు!"

చప్పట్లు కొట్టారు. నేను బాగు చేసిన ప్రతి నిమిషమూ అత్త మీద సాక్ష్యం.

లాగ్ 6. నీళ్లు: మూడో మెట్టు

పొద్దున్న కొత్త సీలు పడగానే మళ్లీ ముల్లు కాల్చి గుచ్చాను. కొట్టు చెక్కల సందులోంచి అత్తతో మాట్లాడాను. అన్నం ఇవ్వడానికి నన్ను పంపారు.

"నువ్వేనా బాగు చేసింది?"

"ఊఁ."

"ఏటి జబ్బు?"

చెప్పాను. అత్త ముందు నవ్వింది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. చివర్లో అది నవ్వు కాదు.

"వాళ్లకి చెప్పేస్తాను," అన్నాను.

"ఏమని? మీ వేళ్లే దొంగలని? ఆ ఇద్దరూ ఒప్పుకుంటారా? ఎలా తెలిసిందే అంటారు. పుస్తకం అంటావు. ఎవరి పిల్లవే అంటారు. నోరు ముయ్యి లోవా."

"ఉప్పు క్యాంపు అత్తా అది."

"నాకు యాభై దాటాయి. నీకు పదిహేను."

"రేపు ఆ కన్నం మూసేస్తాను. నువ్వు లోపలుండగా ఇంజిన్ ఆగితే నువ్వు కాదని తెలుస్తుంది."

అత్త సందులోంచి రెండు వేళ్లు బయటికి పెట్టింది. పట్టుకున్నాను. "నేను కాదని తెలుత్తాది. మరి ఎవరూ అంటారు. అప్పుడు షెడ్డులో మిగిలింది ఎవరే?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. అన్నం గిన్నె పట్టుకుని వచ్చేశాను. రాత్రంతా నిద్ర లేదు. 

లాగ్ 7. నీళ్లు: రెండో మెట్టు, తర్వాత నాలుగు

పడవ వచ్చింది. ఊరంతా రేవులో పీపాలు దింపుతోంది. షెడ్డులో నలుగురం: తాతబ్బాయి గారు, గవరయ్య, నేను, చేతులకి తాడుతో అత్త. ఇంజిన్ మనిషి ఊరు వదిలేముందు స్పానర్లన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి కమిటీకి అప్పగించాలి, అది ఆచారం. పొద్దున్న కొత్త సీలుకీ కన్నం గుచ్చాను, వాళ్లు మళ్లీ లోపలికి రాకముందే అందులో మైనం ముద్ద నొక్కాను. ట్యాంకు నిండుగా ఉంది.

పదిహేడు స్పానర్లు. అత్త నెమ్మదిగా అప్పగించింది. పాతిక నిమిషాలకి ఇంజిన్ దిగిపోయింది.

గవరయ్య హ్యాండిల్ చూశాడు, తాతబ్బాయి గారు గవరయ్యని చూశారు. పెద్దలిద్దరూ ఎదురుగా నిలబడి ఉన్నారు. ఇంజిన్ ఏమాత్రం భయపడలేదు.

"అత్త చేతులు కట్టేసున్నాయి కదండీ," అన్నాను. 

తాతబ్బాయి గారు నా వైపు తిరిగారు. "అయితే ఇంకో దొంగ ఉన్నట్టే కదా. అత్త నేర్పిందా?"

అత్త చెప్పినట్టే. అక్షరం పొల్లుపోలేదు.

"మూత తీయకండి," అన్నాను. "చెవి పెట్టి వినండి." మైనం ముద్ద లాగేశాను. ఈల. ఇంజిన్ గుటక వేసి, దగ్గి, పూర్తి శబ్దంతో లేచింది. గవరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"లక్క గాలి కన్నాన్ని మూసేస్తోందండి. ఊపిరి అందక ఆగుతోంది. మీరు సీలు తీయగానే అందుతోంది. దొంగ ఎవరూ లేరు."

"మూతకి ఎవడైనా కన్నం పెడతాడా?" అన్నారు తాతబ్బాయి గారు. "నువ్వే పొడిచావు. సీలుకి చిల్లు! నూనె తీయడానికే!"

ఇక వేరే దారి లేదు. గూట్లోంచి పుస్తకం తీశాను. దండ జారి కింద పడింది. బొమ్మ చూపించాను, కింద లైను వేలు పెట్టి ఇంగ్లీషులో చదివాను, తెలుగులో చెప్పాను. ఇంజిన్ చేసినవాళ్లే ఆ కన్నం పెట్టారని.

ఆయన బొమ్మని చూడలేదు. నా వేలిని చూశారు.

"ఎవరు నేర్పారే నీకు?"

"స్కూల్లో. మెరక మీద."

"నిన్ను ఎవడు పంపాడు మెరక మీదకి?"

"మా నాన్న. జోగినాథం."

గవరయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తాతబ్బాయి గారు చాలా తాపీగా అన్నారు, "అయితే పడవలో ఇద్దరెక్కుతారు. ఈ ఊళ్లో అక్షరం మళ్లీ వద్దు."

అప్పుడు అత్త కట్టేసిన చేతులతోనే కుళాయి కట్టేసింది.

ఇంజిన్ ఆగింది. పూర్తిగా ఆగితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. కట్ట ఊరుతున్న చప్పుడు వినిపించింది, నాలుగు వైపుల నుంచీ, సన్నగా, ఆగకుండా. బావిలోకి నీళ్లు జారుతున్నాయి.

"ఎక్కుతామండి ఇద్దరం," అంది అత్త. "మీరు పెద్దోళ్లు కదా, ఎదురుగా నిలబడండి. భయపడి అదే నడుత్తాది."

గవరయ్య కుళాయి తెరిచి హ్యాండిల్ పట్టుకున్నాడు. తిప్పాడు. పైపులో గాలి పట్టింది. మళ్లీ తిప్పాడు, చొక్కా తడిసిపోయేదాకా. తాతబ్బాయి గారు నిజంగానే ఇంజిన్ ఎదురుగా వెళ్లి నిలబడ్డారు. నేను కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వాను, ఆపుకోలేక. మూడో మెట్టు మునిగింది. రేవులోంచి ఎవరో "ఇంజినాగిందేటండీ?" అని అరిచారు. నాలుగోది మునుగుతోంది.

"కట్లిప్పు," అన్నారు తాతబ్బాయి గారు గవరయ్యతో. తర్వాత గొంతు తగ్గించి మా ఇద్దరితో, "ఇదిగో. జబ్బు కనిపెట్టింది కమిటీ. ఈ పిల్ల నీ మేనకోడలు లోవ. జోగినాథం పేరు ఈ షెడ్డులో ఎవరూ అనలేదు. అన్నారా గవరయ్యా?"

"లేదండి. నేనేం వినలేదండి."

అత్త నా వైపు చూసింది. నేను తలూపాను. అత్త గాలి తీసి, హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పింది.

ఆయన బయటికెళ్లి గట్టెక్కారు. సీలు ఊపిరి మూసేస్తోందని రాత్రంతా ఆలోచించి తామే కనిపెట్టామని, నూకరత్నం నిర్దోషి అని, కమిటీ ఎప్పుడూ న్యాయం వైపేనని. జనం చప్పట్లు. అవే చప్పట్లు, అదే జోరు. వాళ్లకి ఏం చెప్పినా కొడతారు. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, అందుకని నోరు మూసుకున్నాను.

లాగ్ 8. నీళ్లు: రెండో మెట్టు

ఇవాళ మధ్యాహ్నం అత్త స్నానానికి వెళ్లినప్పుడు తాతబ్బాయి గారు ఒక్కరే షెడ్డులోకొచ్చారు. తలుపు దగ్గర అటూ ఇటూ చూసి లోపలికి జరిగారు. పంచె మడతలోంచి ఒక కాగితం తీశారు.

"పడవోడు ఇచ్చాడు. నిన్ననుంచి ఎవరికీ సూపించలేదు." ఆగారు. "ఏటుందో సూసి పెట్టమ్మా."

నిన్నటిదాకా ఏమే. ఇవాళ అమ్మా.

తీసుకున్నాను. రెండే లైన్లు. వచ్చే నెల పడవ నాలుగు రోజులు ఆలస్యం, అంతే. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా కళ్లు ఎటు కదిలితే అటు చూస్తున్నారు. ఊరంత మనిషి, రెండు లైన్లంటే భయం. నాన్న ముందు కూడా ఇలాగే నిలబడి ఉంటారు, విన్నాక నమ్మకపోవడానికి.

చదవడం ఎప్పుడో అయిపోయింది. కాగితాన్ని వెలుతురు వైపు తిప్పాను, కనుబొమలు ముడిచాను, మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను. నిలబడనీ.